అల్లుడూ, జేబు ఖాళీ చేసుకొని అనకొండ ఎక్కకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉద్యోగంలో చేరడానికి ఇంకా రెండు నెలల గడువుందనీ, ఆ రెండు నెలలూ ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష ఓడల ఆట ముందు కూర్చొని అనకొండ అనే పెద్ద ఓడ కొని, ఆటలోని ఇంజినీర్ల చేత దానికి అన్ని అప్‌గ్రేడ్లూ చేయించేదాకా లేవనంటున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఆ ఆట నీకు చూపించింది నేనే కాబట్టి ముందు కాస్త గర్వపడ్డాను. రాత్రి పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది.

తేలిక సంగతులు మొదట చెప్పేస్తాను. ఏ అప్‌గ్రేడూ లేకపోయినా, ఓడను నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకించే ఫ్రేమ్ షిఫ్ట్ డ్రైవ్‌కు తప్పకుండా చేయించు. దానికి డెసియాట్ అనే నక్షత్రం దగ్గర ఉన్న ఇంజినీరు ఫెలిసిటీ ఫార్సీర్ చాలు. అన్వేషణలో స్కౌట్ హోదా సంపాదించి, మెటా అల్లాయ్ అనే అరుదైన సరుకు ఒక్కటి తీసుకెళ్తే ఆవిడ తలుపు తీస్తుంది. గార్డియన్ బూస్టర్ అనే అదనపు పరికరం పెద్దది పెడితే ఒక్కో దూకుడుకు మరో 10.5 కాంతి సంవత్సరాలు కలుస్తాయి. 2024లో నియమాలు సడలించాక అప్‌గ్రేడ్లకు కావలసిన సామగ్రి పోగుచేయడం మా రోజుల్లో ఉన్నంత శిక్ష కాదు.

ఇక నా సంగతి విను. 2018లో నా దగ్గర ఉన్నదంతా ఊడ్చి అనకొండ కొన్నాను. వట్టి ఓడకే ఆట డబ్బులో 14,69,69,450 క్రెడిట్లు. మంచి డ్రైవ్, పవర్ ప్లాంట్ వగైరాలకు మిగిలినదీ కరిగిపోయింది. ఆ తరువాత ఇంజినీర్లకివ్వాల్సిన సామగ్రి కోసం డావ్స్ హోప్ అనే పాడుబడ్డ స్థావరం చుట్టూ మూడు వారాలు బండి నడిపాను. ఒక చుట్టు తిరిగి దొరికినవన్నీ ఏరుకోవడం, ఆటలోంచి బయటకు వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళడం, వెళ్ళేసరికి అవే డబ్బాలు అవే మూలల్లో మళ్ళీ ప్రత్యక్షం కావడం, మళ్ళీ చుట్టు తిరగడం. తెల్లవారుజామున మీ తాతయ్య కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, తెర వైపు కాసేపు చూసి, "ఈ ఓడ ఎక్కడికి వెళ్తుందిరా?" అని అడిగేవారు. "ఇంకా తయారవుతోంది నాన్నా" అనేవాణ్ణి. మూడో వారంలో ఆయన అడగడం మానేశారు.

చివరికి ఓడ తయారైంది. దూరం మీద దురాశతో, బరువని, దెబ్బలు కాచే షీల్డు తీసేశాను, ఆ ఊపులోనే ఓడను స్టేషన్‌లో తనంతట తానే దింపే డాకింగ్ కంప్యూటర్ కూడా పీకేశాను. అనకొండ ఎంత పెద్దదో నువ్వే చూస్తావు, స్టేషన్ గుమ్మంలో ఇంకో పెద్ద ఓడ ఎదురొస్తే తప్పుకోవడం కష్టం. ఆ గుమ్మంలోకి వేగంగా వెళ్ళాను, లోపలినుంచి టైప్-9 అనే భారీ సరుకుల ఓడ ఒకటి దున్నపోతులా ఎదురొచ్చింది. ఒక్క గుద్దుతో అద్దం పగిలింది, రెండో గుద్దుతో ఓడే పోయింది. పోయిన ఓడను తిరిగి తీసుకోవాలంటే ధరలో 5 శాతం కట్టాలి కదా. వట్టి ఓడ లెక్కకే 73 లక్షలు దాటింది. నా ఖాతాలో ఉన్నవి 11 లక్షలు. ఆట ఇచ్చే అప్పు కూడా ఆ తేడా పూడ్చలేదు. ఓడతోపాటు మూడు వారాల రాత్రులు వేసిన మెరుగులూ పోయి, ఉచితంగా ఇచ్చే సైడ్‌వైండర్‌లో, మొదటిరోజు కుర్రాడిలా కూర్చున్నాను. ఆ పూట మీ అత్తయ్య మీద ఎందుకు అరిచానో ఇవాళ్టికీ చెప్పలేదు, చెప్పడానికి సిగ్గు.

కాబట్టి అనకొండ కొను, వద్దనను, కానీ కనీసం మూడుసార్లు పోగొట్టుకోగల డబ్బు పక్కన పెట్టాకే దాన్ని స్టేషన్ దాటించు. షీల్డు తీసెయ్యమని ఎవడు చెప్పినా వినకు. అర్ధరాత్రి దాటాక ఏరుకున్న సామగ్రి ఏదీ అక్కరకు రాదు. నీకు అసలే కళ్ళద్దాలు, మీ అమ్మకు అసలే నిద్ర పట్టదు.

ఆ గ్రైండ్, అంటే చేసిందే చేస్తూ సామగ్రి పోగుచేయడం, దండగేనా అని అడుగుతావు. నాకది ఓసారి దండగైంది, ఓసారి కాలేదు. అనకొండ పోయిన కొన్ని నెలలకు, సుమారు 19 లక్షలకే దొరికే డైమండ్‌బ్యాక్ ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడ కొన్నాను. మెటా అల్లాయ్ కోసం మాయా నక్షత్రానికి, అంటే దాదాపు 380 కాంతి సంవత్సరాల దూరం వెళ్తున్నప్పుడు, అది కృత్తికల్లో ఒకటని తాతయ్యకు చెప్పాను. ఆయన జన్మనక్షత్రం కృత్తిక. కుర్చీ లాక్కొని పక్కన కూర్చొని, దూకుడు దూకుడుకూ "ఇంకెంత దూరం?" అని అడిగారు. చేరాక ఆ నీలి వెలుగు చూసి చాలాసేపు మాట్లాడలేదు. డ్రైవ్‌కు ఫార్సీర్ చేత అప్‌గ్రేడ్ చేయించింది ఆ తరువాతే. ఈసారి ఎక్కడికి వెళ్ళాలో ముందే తెలుసు కాబట్టి పోగు చేసిన ప్రతి ముక్కా లెక్కలో ఉంది.

తాతయ్య ఇప్పుడు రోహిణి చూస్తానంటున్నారు. ఆటలో దాని పేరు ఆల్డెబరాన్, సూర్యుడి నుంచి 65 కాంతి సంవత్సరాలు. ఏ మెరుగూ లేని సైడ్‌వైండర్‌లో కూడా వెళ్ళొచ్చు. ఆదివారం లాప్‌టాప్ తెచ్చుకొని రా. అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంది. నడిపేది నువ్వే.

మీ మామయ్య