ఇది వైరస్ కాదు, ముందు బోరు నీరు పరీక్ష చేయించండి

ప్రశ్న: మాది బెంగళూరు దగ్గర ఆనేకల్. ఎకరంలో టమాటా నాటి 40 రోజులైంది. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. ముదురు ఆకుల అంచులు మాడుతున్నాయి. వైరస్ అని దుకాణంలో ఇచ్చిన మందులు మూడుసార్లు కొట్టాను. పాత బోరు ఎండిపోతే ఈ ఏడాది 1,200 అడుగుల బోరు వేయించి, ఆ నీరే డ్రిప్పులో ఇస్తున్నాను. పక్క పొలంలో అదే నారు బావి నీటితో బాగుంది. ఇంకేం కొట్టాలి? మరో బోరు వేయించమంటారా?

జవాబు: వైరస్ మందులు ఇక ఏమీ కొట్టవద్దు. ముడత వైరస్ అయితే ఆకులు పైకి ముడుచుకుని చిన్నవవుతాయి, మొక్క గిడసబారుతుంది. మీరు రాసినవి ఆ లక్షణాలు కావు. అదే నారు పక్కన పచ్చగా ఉందంటే తేడా నీటిలోనే ఉంది. రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన లోతు నీటిలో బైకార్బొనేట్లు, లవణాలు ఎక్కువగా ఉండవచ్చు. బైకార్బొనేట్లు మొక్కకు ఇనుము అందనివ్వవు, లవణాలు ఆకు అంచులను మాడుస్తాయి. మొక్కను చూడకుండా, నీటి సంగతి అడగకుండా మూడుసార్లు మందు అమ్మినవారి మాట ఇక వినకండి.

మోటారు 20 నిమిషాలు నడిచాక, అదే నీటితో కడిగిన సీసాలో లీటరు నీరు పట్టి పరీక్షకు ఇవ్వండి. ఎక్కడ చేస్తారో మీ హోబళి (తాలూకాలోని విభాగం) రైతు సంపర్క కేంద్రంలో అడగండి. నీటిలో లవణాలు ఎంతున్నాయో చెప్పే ఈసీ మీటరుకు 1.7 డెసీసైమన్లు దాటితే టమాటా దిగుబడి తగ్గడం మొదలవుతుంది. కాల్షియం, మెగ్నీషియంలను మించి ఉన్న కార్బొనేట్లు, బైకార్బొనేట్ల లెక్క అయిన ఆర్‌ఎస్‌సీ 1.25 లోపుంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీరు సేద్యానికి పనికిరాదు. ఆర్‌ఎస్‌సీ అంకె తెలియకుండా జిప్సం బస్తాలు తెచ్చి పోయకండి.

ఈలోగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట, 10 రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. కలపడానికి పక్కవారి బావి నీరే అడిగి తెచ్చుకోండి. క్లోరైడ్ ఉప్పు అయిన మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు ఆపి సల్ఫేట్ రూపంలోని పొటాష్ ఇవ్వండి. వారానికి ఒకసారి డ్రిప్పు రెట్టింపు సేపు వదిలితే లవణాలు వేళ్ల కిందికి దిగుతాయి.

పై చెరువు అలుగు పారి కింది చెరువు నిండినన్నాళ్లూ మన బావుల్లో మంచి నీరు ఊరేది. కాలువలు పూడ్చేసి, ఇప్పుడు పాతాళంలో వెతుకుతున్నాం. ఎకరంపై 1 మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్ల నీరు. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు వానలే పెద్దవి. అవి రాకముందే పొలం పల్లపు మూల కుంట తవ్వించండి, ఆ నీటిని బోరు నీటితో కలిపి పారించవచ్చు. రెండో బోరు మాట నీటి పరీక్ష నివేదిక వచ్చాక చూద్దాం. ఈసీ, ఆర్‌ఎస్‌సీ అంకెలు నాకు రాయండి.