టెక్సాస్‌లో చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌ను ఎవరు నడుపుతారు? అది బాగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

మన దగ్గర డీఈఓను ప్రభుత్వం నియమిస్తుంది. అక్కడ అలా కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిది కాదు, ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ. టెక్సాస్‌లో ఇలాంటి డిస్ట్రిక్ట్‌లు వెయ్యికి పైగా ఉన్నాయి. చిన్నవాటిలో సాధారణంగా ఏడుగురు ట్రస్టీలను, అంటే బోర్డు సభ్యులను, స్థానికులే ఓటేసి ఎన్నుకుంటారు. వాళ్లకు జీతం ఉండదు. బడ్జెట్, ఆస్తి పన్ను రేటు, విధానాలు తేల్చేది ఈ బోర్డే. రోజువారీ పని చూసే సూపరింటెండెంట్‌ను నియమించేదీ, తప్పించేదీ కూడా బోర్డే. ఆస్తి పన్ను ఎక్కువగా వచ్చే డిస్ట్రిక్ట్‌లు 1993 నాటి చట్టం ప్రకారం అందులో కొంత పేద డిస్ట్రిక్ట్‌ల కోసం వదులుకోవాలి.

పనితీరుకు రాష్ట్ర విద్యాశాఖ ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్ ఇస్తుంది. పిల్లల మార్కులు, ఏడాదిలో వాళ్లు సాధించిన ప్రగతి, వెనకబడిన వర్గాల పిల్లలు ఎలా చదువుతున్నారు అనేవి చూస్తారు. పిల్లల బడి సాధారణంగా ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టే ఉంటుంది, అయినా దయచేసి ఈ ఒక్క అక్షరం చూసి ఇల్లు కొనకండి. ఒక తరగతిలో 20 మందే ఉంటే, ఒక్క పిల్లాడు తప్పినా ఉత్తీర్ణత 5 శాతం పడిపోతుంది. మూడు నాలుగేళ్ల ఫలితాలు కలిపి చూడండి, టీచర్లు ఎంత తరచుగా మానేస్తున్నారో కనుక్కోండి. నా దృష్టిలో ఈ రెండోదే ఎక్కువ చెబుతుంది.

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు, పౌరులకే ఉంటుంది. కానీ బోర్డు సమావేశాలు అందరికీ తెరిచే ఉంటాయి. ఎజెండాలో ఉన్న విషయం మీద మీరూ పేరు నమోదు చేసుకుని మాట్లాడవచ్చు. చిన్న ఊళ్లో ఆ మాట నేరుగా ట్రస్టీల చెవిన పడుతుంది.