గుళిక లోపల నీటి నడక

ప్రశ్న: మాది మర్రిగూడ దగ్గర పల్లె. కృష్ణా నీళ్లు రాకముందు మా ఇంట్లో యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు నింపిన ఫ్లోరైడ్ ఫిల్టరు ఉండేది. కుళాయి పూర్తిగా తిప్పితే ఫ్లోరైడ్ పోదని, సన్నధారగానే పట్టుకోవాలని చెప్పేవారు. అలాంటి గుళికల రంధ్రాల్లో నీటి అణువులు ఎంత దూరం తిరుగుతాయో ఎన్‌ఎంఆర్‌తో కొలవవచ్చని ఎమ్మెస్సీ చదువుతున్న మా అమ్మాయి అంటోంది. కంటికి కనిపించని అణువు నడకను, గుళికను పగలగొట్టకుండా ఎలా కొలుస్తారు?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. ముందు మీ ఫిల్టరు సంగతి చూద్దాం. నీరు గుళికల మధ్య సందుల్లో పారుతుంది గాని గుళిక లోపల దాదాపు పారదు. లోపలి గోడలను ఫ్లోరైడ్ చేరాలంటే అణువుల దిక్కూదరీ లేని తిరుగుడు ఒక్కటే మార్గం. దీనినే విసరణ అంటారు. 25 డిగ్రీల వేడిమి దగ్గర మామూలు నీటిలో నీటి అణువు విసరణ గుణకం, అంటే ఆ తిరుగుడు ఎంత చురుకో చెప్పే సంఖ్య, సెకనుకు సుమారు 2.3×10⁻⁹ చదరపు మీటర్లు. ఈ లెక్కన అణువు ఒక సెకనులో, బయలుదేరిన చోటి నుంచి సుమారు 0.12 మిల్లీమీటరు దూరమే చేరుతుంది. 0.3 మిల్లీమీటరు చేరడానికి ఆరేడు సెకన్లు పడుతుంది. దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది. గుళిక లోపలి దారులు వంకరటింకరగా ఉంటాయి, పైగా ఫ్లోరైడ్ దారిపొడవునా గోడలకు అంటుకుంటూ పోతుంది కనుక ఇంకా ఆలస్యమవుతుంది. కుళాయి పూర్తిగా తిప్పితే ఫ్లోరైడ్ లోపలికి చేరేలోపే నీళ్లు బిందెలోకి దిగిపోతాయి.

ఇక కొలత సంగతి. ఎన్‌ఎంఆర్ అంటే న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్. పేరులో న్యూక్లియర్ ఉన్నా ఇందులో రేడియోధార్మికత ఏమీ లేదు. ఆసుపత్రిలోని ఎమ్మారై స్కానింగు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. నీటి అణువులోని హైడ్రోజన్ కేంద్రకం బలమైన అయస్కాంత క్షేత్రంలో, బొంగరం తల ఊపినట్టు, తిరుగుతుంటుంది. ఒక టెస్లా బలం గల క్షేత్రంలో ఆ తిరుగుడు సెకనుకు సుమారు 4 కోట్ల 26 లక్షల సార్లు. క్షేత్రం బలం పెరిగిన కొద్దీ వేగమూ అదే పాళ్లలో పెరుగుతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది.

పానగల్లు ఉదయసముద్రం కట్ట పొడవునా మనుషులను వరుసగా నిలబెట్టారనుకోండి. అందరూ ఒకే దిక్కు చూస్తూ మొదలుపెట్టి, నిలబడ్డ చోటే గుండ్రంగా తిరగాలి. కట్ట ఈ కొసన ఉన్నవారు నెమ్మదిగా, ఆ కొసకు పోయిన కొద్దీ వేగంగా. ఈల వేయగానే అందరూ ఆగాలి. కాసేపటికి రెండో ఈల వేసినప్పుడు, అప్పుడు తాము ఉన్న చోటికి చెప్పిన వేగంతో, అంతే సేపు వెనక్కి తిరగాలి. మధ్యలో ఎవరూ కదలకపోతే అందరి ముఖాలూ మళ్లీ ఒకే దిక్కుకు వస్తాయి. ఎవరైనా అటో ఇటో పది అడుగులు జరిగి ఉంటే వారి ముఖం వేరే వైపు ఉంటుంది. ఎవరు ఎక్కడికి పోయారో మనం చూడలేదు. అయినా చివరి వరుస ఎంత చెదిరిందో చూసి, సగటున ఎంత కదిలారో చెప్పగలం. ఎన్‌ఎంఆర్‌లో ఆ చెదురు సంకేతం తగ్గుదలగా కనిపిస్తుంది. విసరణ వల్ల సంకేతం తగ్గుతుందని 1950లో ఎర్విన్ హాన్ గుర్తించాడు. దానికి కారణమయ్యే క్షేత్రపు వాలును (కట్ట మీది వేగాల్లా, ఈ కొస నుంచి ఆ కొసకు క్షేత్రం బలం క్రమంగా పెరగడాన్ని) రెండు చిన్న తునకలుగా, మనం కోరిన క్షణాల్లో మాత్రమే ప్రయోగించే పద్ధతిని 1965లో స్టెయిస్కల్, టానర్ ప్రకటించారు. నేటికీ ఎక్కువగా వాడేది అదే.

మొదటి తునకకూ రెండో తునకకూ మధ్య ఎంతసేపు ఆగాలన్నది మన చేతిలో ఉంది. నా దృష్టిలో ఈ పద్ధతికి అసలు బలం అదే, ఎందుకంటే ఆ విరామమే మనకు కొలబద్ద. వెన్నలో చిక్కుకున్న నీటి బొట్టును తీసుకోండి. 10 మిల్లీసెకన్లు ఆగితే స్వేచ్ఛగా ఉన్న అణువు ఒక దిశలో సుమారు 7 మైక్రాన్లు, 100 మిల్లీసెకన్లు ఆగితే సుమారు 21 మైక్రాన్లు జరుగుతుంది. కాని బొట్టు అడ్డుకొలత 5 మైక్రాన్లే అయితే, ఎంతసేపు ఆగినా కొలత ఒక దగ్గర నిలిచిపోతుంది. అది ఎక్కడ నిలిచిందో చూస్తే బొట్టు పరిమాణం తెలుస్తుంది.

అల్యూమినాలో పరిస్థితి వేరు. దాని రంధ్రాలు కొన్ని నానోమీటర్ల వెడల్పువి, ఒకదానికొకటి కలిసి ఉంటాయి. అంత సందును అణువు నానోసెకన్లలో దాటేస్తుంది. మనం ఆగే మిల్లీసెకన్లలో అది లక్షల సార్లు గోడలకు తగిలి ఉంటుంది. కనుక ఇక్కడ ఒక్కో రంధ్రం పరిమాణం దొరకదు, మొత్తం దారుల మెలిక దొరుకుతుంది. బయటి నీటితో పోలిస్తే లోపలి విసరణ గుణకం సగమే వచ్చిందంటే, మెలిక విలువ రెండు అన్నమాట.

కొలిచేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. నానబెట్టిన గుళికల పైతడిని వడపోత కాగితంతో అద్ది తీసి, ఆ తర్వాతే సన్నని గాజుగొట్టంలో వేసి మూత బిగించాలి. పైతడి మిగిలితే గుళికల మధ్య స్వేచ్ఛగా తిరిగే నీరు కూడా లెక్కలోకి వచ్చి ఫలితం ఎక్కువ చూపుతుంది. మరీ ఆరబెడితే రంధ్రాల నీరే పోతుంది.

ప్రశ్న: నీటికి బదులు ఫ్లోరైడ్ నడకనే నేరుగా కొలవకూడదా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: సూత్రప్రకారం కొలవవచ్చు. ప్రకృతిలో దొరికే ఫ్లోరిన్ అంతా ఎన్‌ఎంఆర్‌కు చక్కగా పలికే రకమే. చిక్కంతా పరిమాణంతోనే. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఎముకలకు చేటు చేస్తుంది గాని, ఆ నీటిలో ఒక్క ఫ్లోరైడ్‌కు సుమారు 7 లక్షల హైడ్రోజన్లు ఉంటాయి. అంత పలచని సంకేతాన్ని పట్టాలంటే కొలతను ఎన్నోసార్లు చేసి కూడాలి. పైగా గోడకు గట్టిగా అంటుకున్న ఫ్లోరైడ్ సంకేతం ఈ ప్రయోగం ముగిసేలోపే ఆరిపోతుంది. అందుకే నీటితో దారుల మెలికను తెలుసుకుని, ఫ్లోరైడ్ పట్టుబడే వేగాన్ని మామూలు రసాయన పరీక్షతో జతచేసుకోవడం మేలు.

ప్రశ్న: మా ఎర్ర చల్క మట్టిని కూడా ఇలా పరీక్షించవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: కష్టమే. ఆ ఎరుపు ఇనుము ఆక్సైడ్లది. ఆ రేణువుల చుట్టూ అయస్కాంత క్షేత్రం దానంతటదే ఎగుడుదిగుడై, మనం ప్రయోగించే వాలుతో కలిసిపోయి లెక్క చెడగొడుతుంది. సంకేతమూ త్వరగా సన్నగిల్లుతుంది. వాలు తునకలను ఎదురెదురు దిశల జంటలుగా చీల్చి, ఈ దోషాన్ని చాలావరకు కొట్టివేసే పద్ధతిని 1989లో కాట్స్ బృందం ప్రకటించింది. ఆ ఎగుడుదిగుళ్లు యంత్రపు క్షేత్రబలంతో పాటే పెరుగుతాయి కనుక, చల్క మట్టికి పెద్ద అయస్కాంతం కన్నా చిన్నదే నయం. చమురు బావుల రాతి ముక్కలను పరీక్షించేవారు 2 మెగాహెర్ట్జ్ (కేంద్రకం సెకనుకు 20 లక్షల సార్లు తిరిగేంత తక్కువ క్షేత్రబలం) దగ్గర పనిచేసే చిన్న యంత్రాలను వాడటానికి ఇదొక కారణం.