పిల్లి పలకట్లేదని బెంగ పెట్టుకున్న మా చిన్నీకి

చిన్నీ,

నీ మెసేజ్ చూశా. పేరు పెట్టి ఇన్నాళ్ళయినా పిలిస్తే రావట్లేదు, కిటికీలో కూర్చుని వీపు చూపిస్తోంది, దానికి చెవుడేమో లేకపోతే నేనంటే ఇష్టం లేదేమో పెద్దమ్మా అని రాశావు చూడు, అది చదివి మనసు ఊరుకోలేదు. నా జీవితంలో ఎప్పుడూ ఇంట్లో పిల్లి లేకుండా లేను కాబట్టి నాకు తెలిసింది రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్. పిలిచినప్పుడు దాని కాళ్ళ వంక చూడకు, చెవుల వంక చూడు. వీపు నీ వైపే ఉంటుంది, కదలదు, కానీ ఒక చెవి మాత్రం మెల్లిగా వెనక్కి తిరుగుతుంది, ఒక్కోసారి తోక చివర కొంచెం ఆడుతుంది. అదే దాని జవాబు. మనం కుక్కలకి అలవాటుపడి పిలిస్తే పరిగెత్తుకు రావాలనుకుంటాం, పిల్లి ముందు వింటుంది, తర్వాత రావాలా వద్దా అని ఆలోచిస్తుంది. ఇది నా మాట మాత్రమే కాదు. జపాన్‌లో అత్సుకో సైతో అని ఒకావిడ, ఇంకొకాయన కలిసి 2013లో 20 పిల్లుల మీద పరీక్ష చేశారు, కనిపించకుండా రికార్డింగ్‌లో కొత్తవాళ్ళ గొంతులు వరసగా వినిపించి మధ్యలో యజమాని గొంతు వినిపించారు. కొత్త గొంతులు వింటూ వింటూ పట్టించుకోవడం తగ్గించేసిన పిల్లులు యజమాని గొంతు రాగానే మళ్ళీ చెవులు తిప్పాయి, తల తిప్పాయి. కానీ అరవడాలు, లేచి రావడాలు పెద్దగా లేవు. అంటే గుర్తుపట్టాయి, కూర్చున్నచోటే ఉన్నాయి అంతే. అదే సైతోగారి టీమ్ 2019లో ఇంకో పరీక్ష చేసి పిల్లులు తమ పేరుని అలాంటి పొడవే ఉన్న వేరే మాటల నుంచి విడదీసి గుర్తుపడతాయని కూడా చూపించారు. కాబట్టి నువ్వంటే ఇష్టం లేదు అనే మాట ఇంక మళ్ళీ అనకు.

ఇక చెవుడు సంగతి. పిల్లి వినికిడి మనకంటే చాలా పైది తల్లీ. శబ్దం ఎంత సన్నగా, కీచుగా ఉందో కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తారు, మనకి 20 కిలోహెర్ట్జ్ దాటితే ఏమీ వినపడదు, దానికి 85 దాకా వినపడుతుంది, కుక్కకి కూడా అంత పైకి వినపడదు. ఎలుకపిల్లలు మనకి వినపడని కీచు శబ్దాలు చేస్తాయి కదా, వాటిని పట్టుకుని బతికే జంతువు మరి. రెండు చెవులూ దేనికదే విడివిడిగా తిరుగుతాయి, శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇట్టే పట్టేస్తుంది. అందుకే గట్టిగా అరిచి పిలవకు, అసలు అవసరమే లేదు, పైగా అది భయపడుతుంది. సన్నగా, కొంచెం పై స్థాయిలో, మెత్తగా పిలువు. ప్స్ ప్స్ అంటే చాలా పిల్లులు తల తిప్పుతాయి చూడు, ఆ స్ శబ్దంలో అలాంటి సన్నటి, పై స్థాయి ధ్వనులు ఎక్కువుండటం వల్లే అని నా నమ్మకం.

మరి మీ ఇంట్లో పిల్లి రాకపోవడానికి కారణం ఏంటంటే, నువ్వు కోప్పడకపోతే చెప్తా, మీరు దాని పేరు రోజంతా వాడేస్తున్నారు. వీడియోల్లో విన్నాలే, ముద్దుకీ అదే పేరు, సోఫా గీకితే తిట్టడానికీ అదే పేరు, మందు వెయ్యడానికీ అదే, క్యారియర్‌లో పెట్టి వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్ళడానికీ అదే. ఆ పేరు వినగానే ఏం జరగబోతుందో దానికి ఎలా తెలుస్తుంది చెప్పు? కొన్నిసార్లు తిండి, కొన్నిసార్లు ఇంజెక్షన్. అలాంటప్పుడు ఉన్నచోటే కూర్చోవడం దాని తెలివే.

అందుకని పేరుని అలా వదిలెయ్, ముద్దు చేసుకోడానికి ఉంచుకో. రమ్మనడానికి మాత్రం కొత్త పిలుపు ఒకటి పెట్టు. రా రా రా అని ఒకే రాగంలో అనొచ్చు, లేదా ట్రీట్లు వేసిన చిన్న డబ్బా గలగలలాడించొచ్చు. నాకు డబ్బానే ఇష్టం, ఎందుకంటే మన గొంతు మన మూడ్‌ని బట్టి మారిపోతుంది, డబ్బా మారదు. మొదట దాని పక్కనే నిలబడి పిలుపు ఇచ్చి వెంటనే, ఒకటి రెండు సెకన్లలోపే, నోటి ముందు ట్రీట్ పెట్టెయ్. అది వచ్చిందా రాలేదా అని చూడొద్దు ఇప్పుడే. పిలుపు అంటే తిండి అని బుర్రలో పడ్డాక రెండడుగులు దూరం జరుగు, తర్వాత గది అవతలి నుంచి, తర్వాత పక్క గదిలోంచి. ఆకలిగా ఉన్న టైమ్‌లో చెయ్, కడుపు నిండాక చేస్తే లాభం లేదు. ఒకసారి పిలిచి ఆగు, కాసేపు ఆలోచించుకోనీ దాన్ని, వరసపెట్టి పిలుస్తూనే ఉంటే ఆ శబ్దం ఇంట్లో ఫ్యాన్ చప్పుడులా అయిపోతుంది, ఎవరూ వినరు. అది ఇంకా హుషారుగా ఉండగానే ఆపెయ్. ఇంకోటి, ఈ పిలుపు ఇచ్చి వచ్చిన తర్వాత ఒక్కసారి కూడా గోళ్ళు కత్తిరించడం, మందు పట్టడం చెయ్యకు, ఆ పనులకి నువ్వే దాని దగ్గరికి వెళ్ళు. ఇది ఇంట్లో అందరికీ చెప్పు, ముఖ్యంగా మీ ఆయనకి.

ఆయన పిలిస్తే అస్సలు పట్టించుకోదు అని నవ్వుతూ రాశావు, అది కూడా మామూలే. 2022లో ఫ్రాన్స్‌లో 16 పిల్లులతో ఇలాంటి పరీక్షే ఒకటి చేశారు, యజమాని పిల్లితో మాట్లాడే ముద్దు గొంతుకి, పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుకి తేడా పిల్లులు పట్టేశాయి, కానీ కొత్తమనిషి అలాగే ముద్దుగా మాట్లాడితే మాత్రం ఆ తేడా పట్టించుకోలేదు. అంటే ఆ ముద్దు గొంతు మీ ఇద్దరి మధ్య కుదిరిన భాష అన్నమాట. మీ ఆయన కూడా రోజూ తన చేత్తో తిండి పెడుతూ మాట్లాడితే ఆయనకీ కుదురుతుంది.

నిజంగా చెవుడు అనుమానం ఉంటే అది అటు తిరిగి ఉన్నప్పుడు కనపడకుండా కాగితం నలిపి చూడు. దగ్గరికెళ్ళి చప్పట్లు కొట్టకు, గాలి తగిలి తిరిగినా విన్నదే అనుకుంటాం. మీది చారలది కాబట్టి నాకు పెద్ద భయం లేదు, తెల్ల పిల్లికి రెండు కళ్ళూ నీలంగా ఉంటే మాత్రం పుట్టు చెవుడు ఎక్కువ. తల ఊరికే విదిలిస్తున్నా, చెవిలో నల్లటి పొడిలాంటిది కనపడినా వెట్‌కి చూపించు, చెవి పురుగులు కావచ్చు.

ఇదంతా ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, ఏదో ఒకరోజు తలుపు తెరిచి ఉంటుంది, అది బయటికి జారుకుంటుంది. అప్పుడు ఈ పిలుపే నీ ఆధారం. తప్పిపోయిన పిల్లుల మీద 2018లో వచ్చిన స్టడీలో దొరికినవాటిలో సగం ఇంటికి 50 మీటర్లలోపే దొరికాయి. అంటే దూరం పోదు, దగ్గర్లోనే ఎక్కడో నక్కి ఉంటుంది, భయంతో నోరు తెరవదు, నీ గొంతు వింటూ కూడా కదలదు. వీధులన్నీ తిరిగేయకుండా ముందు మెట్ల కింద, కార్ల కింద, పొదల్లో టార్చ్ వేసి చూడు. రాత్రి సందడి తగ్గాక మళ్ళీ వెళ్ళి ఒకసారి డబ్బా ఆడించి, కింద కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండు. కనిపిస్తే మీద పడి పట్టుకోకు, ట్రీట్ కింద పెట్టి దాన్నే రానీ. ఇంటికొచ్చాక తిట్టకు, తిండి పెట్టి తలుపు వేసుకో.

డబ్బా పని మాత్రం ఈ సాయంత్రమే మొదలుపెట్టు.

ప్రేమతో
పెద్దమ్మ