పల్లం ఎక్కడుందో ముందు చూపించు

అమ్మాయీ,

ఆశీస్సులు. సన్నని తీగలు పరిచిన చిప్ మీద పరమాణువులను బంధించి చల్లబరచడం గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం నీకు బాగా తెలుసు. పాఠకుడికి తెలియదన్న సంగతి మాత్రం మూడో పేరాకల్లా మరిచిపోయావు.

ముందుగా ఒక మాట పట్టింపు. ఒకచోట 'అణువు' అనీ మరోచోట 'పరమాణువు' అనీ రాశావు. తెలుగులో సైన్సు చదువుకున్నవారికి ఇవి రెండు వేర్వేరు వస్తువులు. నువ్వు చెబుతున్నవి రుబీడియం పరమాణువులు. చివరిదాకా ఆ మాటే వాడు.

మొదటి పేజీ అంతా 1924 నాటి బోసు, 1995 నాటి ప్రయోగం, నోబెల్ జాబితాతో నిండిపోయింది. చిప్ రెండో పేజీలో గానీ కనబడలేదు. ఆ పేజీ తీసెయ్.

'అయస్కాంత క్షేత్రం పరమాణువులను పట్టి ఉంచుతుంది' అన్నావు. ఎలా? అయస్కాంతం ఇనుమును లాక్కున్నట్టు తీగ వాటిని లాక్కుంటుందని చదివేవారు అనుకుంటారు. జరిగేది అది కాదు. ఒక్కో పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. అది క్షేత్రానికి ఎదురుగా తిరిగి ఉన్న పరమాణువులు బలమైన క్షేత్రం నుంచి తప్పుకుని బలహీనమైన చోటికి జారుతాయి. నీరు పల్లమెరుగు అంటాం కదా, వీటికి అదే పల్లం. ఖాళీ ప్రదేశంలో స్థిర క్షేత్రపు బలానికి శిఖరం నిలబెట్టలేం, పల్లం మాత్రమే తవ్వగలం. ఉచ్చులో, అంటే పరమాణువులను పట్టి ఉంచే ఆ పల్లంలో, ఈ రకం పరమాణువులే నిలవడానికి కారణం ఇదే. ఇంత అందమైన కారణాన్ని ఎందుకు వదిలేశావు?

ఆ పల్లం తవ్వడం పాఠకుడి కళ్లెదుటే జరగాలి. చిప్ మీది సన్నని తీగలో కరెంటు పారితే దాని చుట్టూ క్షేత్రం వలయాలుగా ఏర్పడి, దూరం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. బయటి నుంచి మరో సమ క్షేత్రం ఇస్తే తీగకు పైన ఒకచోట రెండూ ఎదురై సరిగ్గా రద్దవుతాయి. 1 ఆంపియర్ కరెంటుకు 20 గాస్‌ల (గాస్ అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) బయటి క్షేత్రం జోడిస్తే, ఆ చోటు తీగకు 0.1 మిల్లీమీటరు దూరంలో పడుతుంది. అంటే దాదాపు ఒక కాగితం మందం! ఈ లెక్క తప్పకుండా వేసి చూపించు.

అయితే క్షేత్రం పూర్తిగా సున్నా అయిన చోట పరమాణువు దిక్కు తప్పి తిరగబడుతుంది, ఉచ్చు నుంచి జారిపోతుంది. తీగను జెడ్ అక్షరంలా వంచేది అందుకే. అలా వంచితే పల్లం మిగులుతుంది, సున్నా మిగలదు. నువ్వు ఆకారం చెప్పి ఊరుకున్నావు.

20 గాస్‌ల పల్లం లోతును వేడిమి లెక్కలో చెబితే కెల్విన్‌లో వెయ్యో వంతుకు కాస్త పైన. గది వేడిమి, అంటే 300 కెల్విన్‌ల దగ్గర పరుగెత్తే పరమాణువుకు అదొక గుంతే కాదు. కాబట్టి ముందు లేజర్లతో చల్లబరచాలి. చిప్ పైనున్న బంగారు పూతే అద్దమై ఆ కాంతిని తిప్పి పంపుతుంది.

'రేడియో తరంగాలతో చల్లబరుస్తారు' అన్న వాక్యం దిద్దుకో. తరంగాలు చల్లబరచవు. వేగం ఎక్కువున్న పరమాణువులు పల్లం ఒడ్డు దాకా ఎగబాకుతాయి. తరంగం అక్కడ కాచుకుని వాటి అయస్కాంత దిశ మార్చి బయటికి పంపేస్తుంది. మిగిలినవి తమలో తాము ఢీకొని ఉన్న శక్తిని పంచుకుంటాయి. పోయినవి తమ వాటాకు మించిన శక్తిని పట్టుకుపోయాయి గనుక గుంపు చల్లబడుతుంది. చిప్ మీది పల్లం ఇరుకు. ఢీకొనడాలు ఎక్కువ, అందుకే పని త్వరగా తెములుతుంది. 2001లో మ్యూనిక్, ట్యూబింగెన్ బృందాలు చిప్ మీదే బోస్-ఐన్‌స్టీన్ సంఘననం (బాగా చల్లబడిన పరమాణువులన్నీ ఒకే స్థితిలోకి చేరి ఒక్కటిగా ప్రవర్తించడం) సాధించాయని ఈ చోట చెబితే, ఆ సంవత్సరానికి అర్థం ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన విషయాన్ని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. కింద 300 కెల్విన్‌ల లోహం. కాగితం మందమంత పైన, కెల్విన్‌లో పది లక్షల వంతుకన్నా చల్లని మేఘం. మధ్యలో శూన్యం. గాలి లేదు గనుక వేడి పాకదు. లోహపు వేడి కాంతినీ ఆ పరమాణువులు దాదాపు పీల్చుకోవు. అయినా మేఘాన్ని మరీ దగ్గరికి దించితే, వేడికి లోహంలో అటూ ఇటూ కదిలే ఎలక్ట్రాన్ల క్షేత్రపు సవ్వడి, అంటే ఆ క్షేత్రంలోని చిన్న చిన్న ఒడిదుడుకులు, తగిలి పరమాణువులు ఒక్కొక్కటిగా తిరగబడి రాలిపోతాయి.

ఆ ఖాళీ గురించి ఒక పేరా రాసి పంపు. మిగతాది ఆ తర్వాత చూద్దాం.