నది ఒడ్డు టవర్లపై కేసు: ఎఫ్‌డీ తీసి ఇవ్వాలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. భీమిలి దగ్గర గోస్తనీ ఒడ్డున మా లేఅవుట్‌లో అరవై ఇళ్లున్నాయి. పక్కనే పెద్ద అపార్టుమెంట్ ప్రాజెక్టు వస్తోంది. గ్రీన్ ట్రైబ్యునల్‌కి (పర్యావరణ కేసులు చూసే కోర్టు) వెళ్దామని కాలనీ వాళ్లు ఇంటికి లక్షన్నర అడుగుతున్నారు. పిటిషన్‌లో నా పేరూ పెడతామంటున్నారు. పింఛను 38 వేలు, ఎఫ్‌డీ 9 లక్షలు. అందులోంచి తీసి ఇవ్వనా?

జవాబు: ఎఫ్‌డీ ముట్టుకోకండి మేడమ్. గడువుకు ముందే తీస్తే, డబ్బు ఉన్న కాలానికి వర్తించే రేటు మాత్రమే ఇచ్చి, చాలా బ్యాంకులు అందులోనూ అర నుంచి ఒక శాతం కోసుకుంటాయి. ఏడు శాతం వడ్డీ అనుకున్నా లక్షన్నర మీద ఏటా 10,500 పోతుంది. పోరాటానికి ఇవ్వాలనుంటే సేవింగ్స్ ఖాతాలోంచి ముందు పాతిక వేలు ఇవ్వండి, మొత్తం యాభై వేలు దాటనివ్వకండి.

అసలు అరవై ఇళ్లంటే 90 లక్షలు. అది దేనికో అడిగారా? నష్టపరిహారం కోరని పిటిషన్‌కి ట్రైబ్యునల్ ఫీజు 1,000 రూపాయలే. చెన్నైలోని దక్షిణాది బెంచ్‌కి కాగితాలు ఆన్‌లైన్లో వేయొచ్చు, విచారణ వీడియోలోనూ జరుగుతుంది. ఖర్చంతా లాయరుకీ, నది హద్దు కొలిచి రిపోర్టు ఇచ్చే సర్వేయరుకీ. వాళ్ల దగ్గర దశలవారీగా కొటేషన్ తీసుకుని, ఒక దశ పూర్తయ్యాకే తర్వాతి వాయిదా చందా వేసుకోండి.

డబ్బు కంటే గడువు ముఖ్యం. ఇలాంటి కేసులు ఎక్కువగా అక్కడే పోతాయి. 20,000 చదరపు మీటర్లు, ఆపై నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలి. చాలామంది ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు, అప్పుడు అడ్డం తిరుగుదాం అని కూర్చుంటారు. హౌసింగ్ ప్రాజెక్టులకు ఆ సభ ఉండదు, పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషనే మినహాయించింది. అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో బిల్డర్ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఒకటి తెలుగులో. అనుమతి సంగతి తెలియపరిచిన నాటి నుంచి అప్పీలుకు 30 రోజులు, సరైన కారణం చూపితే ఇంకో 60. ఆ తర్వాత ట్రైబ్యునల్‌కి కూడా తీసుకునే వీల్లేదు. కాబట్టి లాయరు కంటే ముందు చేయాల్సింది పర్యావరణ అనుమతులు కనిపించే కేంద్రం వెబ్‌సైటు పరివేష్‌లో ప్రాజెక్టు వెతకడం, వీఎంఆర్‌డీఏకో (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) జీవీఎంసీకో (విశాఖ నగరపాలక సంస్థ) పది రూపాయల ఆర్టీఐ పెట్టి మంజూరైన ప్లాను అడగడం. జవాబుకు 30 రోజులు పట్టొచ్చు, అప్పీలు గడువు కూడా అంతేనని గుర్తుంచుకోండి. కేసు వేసినంత మాత్రాన పని ఆగదు. స్టే విడిగా అడగాలి.

వాదన ఏమిటో కూడా చూడండి. ‘మాకు నది కనపడదు’ అంటే నిలవదు. గోస్తనీ భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది, అక్కడ ఆటుపోట్లు నదిలోకి ఎక్కుతాయి. అంతమేర తీర నియంత్రణ నిబంధనలు ఒడ్డుకీ వర్తిస్తాయి. నది నుంచి వదలాల్సిన దూరం ఉల్లంఘన, నదిలోకి మురుగు, వరద నీటి దారికి అడ్డు: బలమైనవి ఇవి. కేరళలోని మరడులో నాలుగు బహుళ అంతస్తుల సముదాయాలను తీర నిబంధనల ఉల్లంఘన మీదే సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరిలో కూల్చేశారు.

ఇక మీ పేరు. వ్యక్తిగతంగా పిటిషనర్‌గా సంతకం పెట్టొద్దు. కేసు విచారణార్హం కాదనో, అబద్ధమనో, వేధింపుకని వేశారనో ట్రైబ్యునల్ తేలిస్తే ఖర్చులు పిటిషనర్ల మీద వేయొచ్చు. స్టే వల్ల అవతలివారికి పోయిన లాభమూ అందులో కలవొచ్చు. గ్రీన్ ట్రైబ్యునల్ చట్టం 23వ సెక్షన్ ఇదే చెబుతుంది. పింఛను మీద బతికే మనిషికి ఇంత రిస్కు ఎందుకు? 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం పేరుతో, సర్వసభ్య సమావేశం తీర్మానంతో వేయమనండి. సంఘం రిజిస్టర్ కాకపోతే ముందు ఆ పని కానివ్వండి, ఈలోగా ఎవరి సొంత ఖాతాకీ, ఫోన్‌పేకీ పంపొద్దు.

చందాకు 80జీ కింద ఆదాయపన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా అంటే, సంఘానికి ఆ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. కాలనీ సంఘాలకు మామూలుగా ఉండదు.

ఖాతాకు ఇద్దరి సంతకాలు, మూడు నెలలకోసారి లెక్కలు ఉండాలి. తీర్మానంలో ఇంకో రెండు మాటలు రాయించండి: మిగిలిన డబ్బు ఇచ్చినవాళ్లకు దామాషాలో తిరిగి రావాలి, బిల్డర్ రాజీకి వస్తే కమిటీ ఒక్కటే ఒప్పుకోకూడదు.