కథలు ఎన్నైనా చూస్తాం, ముడి మాత్రం ఉండాలి

‘నాలుగైదు చిన్న కథలు కలిపి తీసే సినిమాలు తెలుగువాళ్లకు ఎందుకు ఎక్కవు?’ అని అడిగారు. ఎక్కవని ఎవరన్నారండీ? చందమామలో భేతాళ కథలు చదివి పెరిగినవాళ్లం. నెలనెలా కథ మారేది, విక్రమార్కుడి భుజం మీద శవం మాత్రం మారేది కాదు. మనకు ఆ భుజం కావాలి. అది లేకపోతే ఒక కథ అవగానే మళ్లీ పరిచయాలు మొదలు, జనం ఫోన్లు తీస్తారు.

2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చినప్పుడు అమ్మ బెంగళూరులో మా దగ్గరే ఉంది. మారతహళ్లి వైపు ఒక మల్టీప్లెక్సులో రాత్రి ఆటకు తీసుకెళ్లాను. (చిన్న తెలుగు సినిమా అంటే ఇక్కడ పొద్దున్నే వేస్తారు, లేదా అర్ధరాత్రి దాకా కూర్చోబెడతారు. పాప్‌కార్న్ రేటు గురించి అసలు మాట్లాడను.) బడి పిల్లాడి కథ, జోసెఫ్ కథ, మందు షాపులో పనిచేసే గడ్డం కథ, నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని అటెండర్ రాజు కథ, ఒకదాని మధ్యలో ఒకటి నడుస్తున్నాయి. ఇంటర్వెల్ దాటిన కాసేపటికి అమ్మ ఉన్నట్టుండి ఆ కథల మధ్య ముడి ఏమిటో పైకే చెప్పేసింది. ఏమందో ఇక్కడ రాయను, చూడనివాళ్లు తిడతారు. బెంగళూరే కదా, ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవడానికి లేదు. ఆ హాల్లో సగం నెల్లూరు, సగం అనంతపురం! ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, ‘పెద్దమ్మా, కాసేపు ఆగకూడదా?’ అన్నాడు. ‘నేనేదో అనుకున్నాను నాయనా, అవునో కాదో నువ్వే చూడు’ అంది. అక్కణ్నుంచి మా చుట్టుపక్కల ఒక్కరూ కదల్లేదు.

ఎలా కనిపెట్టావని బయటికొచ్చాక అడిగితే, ‘ఇన్ని కథలు ఊరికే చెప్తాడేంట్రా, ఎక్కడో కలపాలి కదా’ అంది.

‘వేదం’ (2010) కూడా అంతే. ఐదు జీవితాలు చివరికి ఒకే ఆసుపత్రికి చేరతాయి. ‘చందమామ కథలు’ (2014)కి జాతీయ అవార్డు వచ్చింది, కాదనను. కానీ ఎనిమిది కథలంటే నాకు పేర్లు గుర్తుండవు. ‘పిట్ట కథలు’ (2021) నలుగురు దర్శకులు తీశారు, దేనికదే. ఇంట్లో చూస్తుంటే రిమోట్ మా తమ్ముడి చేతిలో ఉంది, రెండో కథ సగంలోనే మూడోదానికి దూకేశాడు. నన్నడిగితే ఈ రకం సినిమాలకు అసలు శత్రువు ఆ రిమోటే.

మా ఆఫీసులో కన్నడ మిత్రుడు మాత్రం ఒప్పుకోడు. కన్నడ దర్శకుడు పుట్టణ్ణ కణగాల్ 1976లోనే ‘కథా సంగమ’లో మూడు విడివిడి కథలు చెప్పాడనీ, రజనీకాంత్ కూడా అందులో ఉన్నాడనీ, ఏ ముడీ అక్కర్లేదనీ వాదిస్తాడు. రిమోట్ లేని రోజుల్లో హాల్లో కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడని నేనంటాను. టీ చల్లారిపోతుంది తప్ప మా గొడవ తేలదు.

మీరు ముందు ‘వేదం’ చూడండి. తర్వాత ‘కంచరపాలెం’. దాని గురించి ఎక్కడా ఏమీ చదవకండి.